హోరు చెవిలోనా, పెట్టెలోనా?

చెవిలో హోరు వినిపిస్తోందని వచ్చే పెద్దవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ హోరు మీ వెంట వస్తుందా, ఆ గదిలోనే ఉండిపోతుందా? చెవికి సంబంధించినదైతే పొలం గట్టు మీదికి వెళ్లినా వదలదు. గదికి సంబంధించినదైతే గుమ్మం దాటగానే తగ్గుతుంది.

ఎర్రుపాలెంలో నా ఈడు విశ్రాంత ఉపాధ్యాయులొకరు తడుముకోకుండా జవాబిచ్చారు. "గదిలోనే డాక్టరు గారూ. తెల్లవార్లూ జుమ్మంటూనే ఉంటుంది." మంచాన్ని ఆనుకొని టేబులు, దాని మీద పాత డెస్క్‌టాప్ కంప్యూటరు. విదేశంలోని కుమారుడు వేళగాని వేళ వీడియోలో పలకరిస్తాడని ఆయన దానిని ఆపరు. నేను ఆపించాను. హోరు ఆగింది. చెవులు కూడా పరీక్షించాను. గుబిలి లేదు, మందు రాయవలసిన పని లేదు.

పాతరకం హార్డ్ డిస్కులో అద్దంలా నునుపైన పళ్లేలుంటాయి. సాధారణంగా డెస్క్‌టాప్‌లలో అవి నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో కలిగే వణుకు స్వల్పమే. కానీ డిస్కును రేకు డబ్బాకు స్క్రూలతో బిగిస్తారు, డబ్బా బల్ల మీద ఉంటుంది. వీణ తీగ నాదాన్ని కుండ పెంచినట్లు ఆ రేకూ బల్లా కలిసి వణుకును పెంచుతాయి. మంచం కూడా బల్లకు తగిలి ఉంటే అది దిండు దాకా వస్తుంది.

ఈ శబ్దం వల్ల వినికిడి పోదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ స్థాయి శబ్దంలో గడిపేవారికి ఆ ప్రమాదం. డిస్కు దాని దరిదాపులకు రాదు. నిద్ర సంగతి వేరు. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. కాజీపేట-విజయవాడ మార్గంలో పోయే గూడ్సు బండ్లకు మా ఊరివారు నిద్ర లేవరు. తల పక్కన సన్నని రొద మాత్రం పడుకోనివ్వదు!

చికిత్స సులభం. మంచాన్ని బల్లకు దూరంగా జరపండి. డబ్బాను బల్ల మీద నుంచి దించి, నాలుగు మూలల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు మడిచి పెట్టండి. కరెంటు ప్లగ్గు తీసివేసిన తరువాతనే పక్క రేకు స్క్రూలు బిగించండి, డిస్కు స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేయించండి. బొంత మీద మాత్రం పెట్టవద్దు, గాలి ఆడక వేడెక్కుతుంది. చాలాసార్లు రొద డిస్కుది కాదు, దుమ్ము పట్టిన ఫ్యానుది.

ఏది మోగుతోందో తెలుసుకుందామని మళ్లీ ఆన్ చేయించి, డబ్బాకు స్టెతస్కోపు ఆనించాను. మాస్టారు నవ్వారు. నాకు మాత్రం ఆ హోరు వెనుక ఉండి ఉండి టక్, టక్ అని మరో శబ్దం వినిపించింది. పళ్లెం మీది సమాచారాన్ని చదివే భాగం తన చోటు దొరకక వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించేటప్పుడు ఇలాంటి శబ్దం రావచ్చు. దీనికి రబ్బరు ముక్కలు మందు కావు.

"ఇందులో ఏమున్నాయి మాస్టారూ?"

"మా ఆవిడ ఫొటోలు. ఇంకెక్కడా లేవు."

ఆమె పోయి నాలుగేళ్లు. ఇక డబ్బాను కదపనివ్వలేదు. ఆ సాయంత్రమే మధిర నుంచి కుర్రవాణ్ని పిలిపించి, ఫొటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాము. అదృష్టవశాత్తూ అన్నీ వచ్చాయి. తరువాత తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించారు. దానికి రొద ఉండదు, కానీ పాడయ్యే ముందు చప్పుడు చేసి హెచ్చరించదు కూడా. అందుకే ఫొటోల నకళ్లు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి.

మీ గదిలోని యంత్రాలన్నీ ఆపినా హోరు ఆగకపోతే, ముఖ్యంగా ఒక్క చెవిలోనే ఉంటే, చెవి వైద్యునికి చూపించుకోండి. హోరుతోపాటు వినికిడి హఠాత్తుగా తగ్గితే ఆ రోజే వెళ్లండి.