సొట్టకు మాఫీ, మనిషికి దండం

ముప్ఫై రెండేళ్లు మోటారు క్లెయిములు చూసినవాణ్ణండీ నేను. రాజమండ్రిలో ఎవరి బంపరు ఎక్కడ ఊడిందో వాళ్లింట్లో వాళ్లకన్నా ముందు నాకే తెలిసేది. నిలబెట్టిన బండిని ఆవు గుద్దిందన్నవాళ్లనీ, కొబ్బరికాయ పడిందన్నవాళ్లనీ చూసి చూసి (కోనసీమ వాళ్లయితే కొబ్బరికాయ మాట నమ్మేసేవాణ్ణి), బీమా విషయంలో ఇక నన్నెవరూ బోల్తా కొట్టించలేరని ఓ ధీమా ఏర్పడిపోయింది. ఆ ధీమా 2025 మార్చిలో, కాలిఫోర్నియాలో, సాన్ హోసే విమానాశ్రయంలో కార్లు అద్దెకిచ్చే కౌంటరు ముందు ఆరంటే ఆరు నిమిషాల్లో దిగిపోయింది.

మా అమ్మాయి వాళ్లుండేది సన్నీవేల్లో. సన్నీవేల్ గురించి మీకు వేరే చెప్పాలా, మీ వాళ్లూ ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు. పిల్లలిద్దరూ ఆఫీసులకి పోతే మేమిద్దరం కిటికీలోంచి పక్కింటి చెత్తడబ్బా చూస్తూ కూర్చునేవాళ్లం. ఓ రోజు మా ఆవిడ ఉండబట్టలేక, "ఏమండీ, ఆ ఇంటర్నేషనల్ లైసెన్సు పెట్టెలో దాచుకోడానికా తెచ్చుకున్నారు?" అంది. నిజమే. బయల్దేరేముందు ఆర్టీయే ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్నాను. దాని ఆయుష్షేమో ఏడాది. వాడకపోతే వెయ్యీ దండగే కదా.

అల్లుడు హుషారైనవాడు. "మామయ్యగారూ, మా కంపెనీ కోడ్ కొడితే రోజుకి 34 డాలర్లే," అంటూ భోజనాల బల్ల దగ్గరే ఫోనులో బుక్ చేసేశాడు. నేను మనసులో ఎనభై ఏడుతో గుణించుకుని, ఫరవాలేదు, మన దగ్గర డ్రైవరుతో మాట్లాడుకున్నా ఇంతే అవుతుంది అనుకున్నాను.

ఆ బుకింగులో నివాస దేశం అని ఓ గడి ఉంటుంది చూశారూ, అల్లుడు అలవాటు కొద్దీ అందులో అమెరికా అని నొక్కాడు. సగం కథ ఆ గడిలోనే ఉందని అప్పటికి నాకూ తెలీదు, అతనికీ తెలీదు. అక్కడ కాపురముండేవాడికి సొంత కారు ఉంటుంది, దానికో పాలసీ ఉంటుంది, మామూలుగా ఆ పాలసీయే అద్దె కారుకీ పనికొస్తుంది. అందుకని అతనికి చూపించేది బోడి ధర. అదే గడిలో ఇండియా అని పెడితే ధర కాస్త ఎక్కువ కనిపిస్తుంది గానీ, చాలాసార్లు బీమాలు అందులోనే కలిసి వస్తాయి. కంపెనీ కోడ్ సంగతి సరే సరి. అది అక్కడి ఉద్యోగులకిచ్చిన రాయితీ. నేను ఆ ఉద్యోగిని కాను. ఇలాంటివాటిని బండి ఇచ్చేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, ప్రమాదం జరిగాక ఫైలు తిరగేస్తున్నప్పుడు పట్టుకుంటారు. ముప్ఫై రెండేళ్లు నేను చేసిన పని అదే గనక నాకు తెలుసు.

కౌంటరు వెనక అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ముందు అల్లుడి కార్డు వెనక్కి ఇచ్చేసింది. బండి ఎవరి పేర ఉంటే కార్డు వాళ్లదే ఉండాలిట. నా కార్డు తీసుకుని 300 డాలర్లు బయానాగా ఆపింది. తరవాత ఓ పలక నా వైపు తిప్పి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటూ వేలు చూపించింది. ఒక్కో చోటా కావాలా వద్దా అని రెండే మాటలు. వెనక వరసలో పిల్లల తల్లి ఒకావిడ సూట్‌కేసు మీద కూర్చుని నన్నే చూస్తోంది. అంతకంటే పెద్ద ఒత్తిడి ఏముంటుంది చెప్పండి?

మొదటిది బండి డ్యామేజీ సంగతి. సీడీడబ్ల్యూ అనీ ఎల్డీడబ్ల్యూ అనీ అంటారు. అందరూ బీమా అనే పిలుస్తారు గానీ అది బీమా కాదు, మాఫీ. కారు పాడైతే నీ దగ్గర వసూలు చెయ్యం అని కంపెనీ ఇచ్చే మాట, అంతే. మాఫీ అనగానే మనకి రుణమాఫీ గుర్తొస్తుంది కదా, ఇదీ అలాంటిదే, షరతులు చాలా ఉంటాయి. ఒప్పందంలో పేరు లేనివాళ్లు స్టీరింగు పట్టుకున్నా, తాగి నడిపినా, మట్టిరోడ్డు ఎక్కించినా మాఫీ చెల్లదు. తీసుకోకపోతేనో? రిపేరు ఖర్చుతో పోదు. అమెరికాలో చాలాచోట్ల షెడ్డులో బండి ఎన్నాళ్లుంటే అన్నాళ్ల అద్దె కూడా మీ దగ్గరే గుంజుతారు, దాని మీద కాగితాల ఖర్చు వేరే. మన పాలసీల్లో పరోక్ష నష్టం ఇవ్వబడదు అని ఓ వాక్యం ఉంటుంది. దాన్ని చూపించి ఎంతమంది టాక్సీవాళ్లని ఉత్తిచేతుల్తో పంపానో. ఆ పరోక్ష నష్టాన్ని ఇక్కడ నా నెత్తినే పెడతారేమో అనిపించింది. బెదిరిపోయి, కావాలి అని నొక్కాను.

తరవాతది సామాన్లకి బీమా. "మన సామాన్లలో ఖరీదైంది ఆవకాయ సీసా ఒక్కటే. అది పగిలితే డబ్బులిచ్చి ఏం చేస్తారు?" అంది మా ఆవిడ. వద్దు. ఎక్కినవాళ్ల వైద్యానికి ఇంకోటి. ఇండియాలో తీసుకున్న ట్రావెల్ పాలసీ ఉండనే ఉంది, వద్దు. ఆ వద్దు వద్దుల ఊపులో నాలుగోది కూడా వద్దని నొక్కేశాను. అది లయబిలిటీ కాగితమని, అంటే అవతలివాడికి జరిగే నష్టం తాలూకుదని, చదవకుండానే. రోజుకి 17 డాలర్లు మిగిల్చానని ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను కూడానూ.

ఆ రాత్రి మాంటరేలో, మోటెల్ గదిలో, అలవాటు ప్రకారం కళ్లజోడు పెట్టుకుని ఒప్పందం చదవడం మొదలెట్టాను. మూడో పేజీకొచ్చేసరికి నిద్ర ఎగిరిపోయింది.

మన దేశంలో పద్ధతి ఏమిటి? 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఆ బీమా ఉంటే, మనిషికి తగిలి కాలు విరిగినా, ప్రాణమే పోయినా, ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత కంపెనీ కట్టాల్సిందే. దానికి ఇంత అని హద్దు లేదు. హద్దున్నది ఆస్తి నష్టానికి, సొంత కార్ల పాలసీలో 7.5 లక్షలు. అందుకే మన మధ్యతరగతి భయమంతా సొట్ట మీదే. జీరో డెప్ ఉందా, బంపర్ టు బంపర్ ఉందా అని అడిగినవాళ్లు వేలమంది. థర్డ్ పార్టీకి ఎంతవరకు ఇస్తారు సార్ అని నన్నడిగిన మనిషి నాకు గుర్తు లేడు. ఆ బుద్ధితోనే నేనూ సొట్టకి మాఫీ కొనుక్కుని, మనిషికి దండం పెట్టి వచ్చాను.

కాలిఫోర్నియాలో మనిషికి హద్దు ఉంది. చట్టం అడిగే కనీస బీమా 1967 నుంచి 2024 దాకా ఒక మనిషికి 15,000 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉంది. 2025 జనవరి 1 నుంచి మనిషికి 30,000, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తికి 15,000 చేశారు. అమెరికా ఆస్పత్రి బిల్లు ఎప్పుడైనా చూశారా? తొంటి ఎముక విరిగినవాడికి ఈ 30,000 ఏ మూలకి? కనీసం ఆ మాత్రమైనా అద్దె కంపెనీ ఇస్తుందా, నీ సొంత పాలసీ చూసుకోమంటుందా అన్నది ఒప్పందంలో వెతుక్కోవాలి. కంపెనీ మీద కేసు వేద్దామా అంటే, 2005లో అమెరికా కాంగ్రెస్ గ్రేవ్స్ సవరణ అని ఒకటి తెచ్చింది. బండి తనదైనంత మాత్రాన, తన తప్పేమీ లేకుండా, అద్దె కంపెనీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని దాని సారం. మరిక మిగిలేది ఎవరు? స్టీరింగు పట్టుకున్న రాజమండ్రివాడు. మన ట్రావెల్ పాలసీలో పర్సనల్ లయబిలిటీ ఉందిగా అనకండి. మోటారు బండి వల్ల వచ్చిన బాధ్యతకి ఇది వర్తించదు అని మినహాయింపుల్లో మామూలుగా రాసే ఉంటుంది. నాదాంట్లోనూ ఉంది. అర్ధరాత్రి అదీ చదివాను.

నేను వద్దన్న ఆ 17 డాలర్ల కాగితం ఈ హద్దుని 10 లక్షల డాలర్ల దాకా పెంచేదన్నమాట.

మర్నాడు తిరుగు ప్రయాణం ఎలా చేశానో ఆ భగవంతుడికే తెలుసు. ఒక పక్క పసిఫిక్ సముద్రం నీలంగా మెరుస్తుంటే మా ఆవిడ అటు చూడండి, ఇటు చూడండి అంటోంది. నాకు సముద్రం కనిపిస్తే కదా. సాంటా క్రూజ్‌లో సైకిళ్లవాళ్లు గుంపులు గుంపులుగా వస్తుంటారు. ఒక్కొక్కడూ నా కళ్లకి రాజమండ్రి ఇంటి దస్తావేజులా కనిపించాడు. కుక్కని తిప్పుతున్న ఓ ముసలాయన రోడ్డు దాటుతుంటే, ఇంకా అరఫర్లాంగు ఉండగానే బండి ఆపేసి నమస్కారం పెట్టాను. ఆయన సంబరపడి చెయ్యి ఊపాడు. హైవే 17 ఘాట్ రోడ్డు మలుపుల్లో మా ఆవిడ కూడా మాట్లాడ్డం మానేసింది. నేరుగా విమానాశ్రయం కౌంటరుకే పోయాం. మధ్యలో చేర్చడం కుదరదు, ఒప్పందం మూసి కొత్తది రాయాలన్నారు. కొత్తదానికి అల్లుడి కోడ్ పెట్టనివ్వలేదు నేను. రోజుకి 58 పడింది. ముందు గడిలో ఇండియా అని పెట్టి ఉంటే ఇంతకన్నా తక్కువకే అన్నీ వచ్చేవని ఆ సాయంత్రం అల్లుడు లెక్కకట్టి చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

యూరప్‌లో భయం తిరగబడుతుంది. ఆ అక్టోబరులో అందరం ఇటలీ వెళ్లాం. అక్కడ థర్డ్ పార్టీ బీమా అద్దెలోనే ఉంటుంది, హద్దు లక్షల యూరోల్లో ఉంటుంది కాబట్టి మనిషి విషయంలో నిశ్చింతే. బాదుడంతా సొట్ట దగ్గర. డ్యామేజీ మాఫీ ధరలో కలిసే ఉంటుంది గానీ, మొదటి వెయ్యో రెండు వేలో యూరోలు మనవే. మన దగ్గర 1500 సీసీ లోపు కారుకి కంపల్సరీ డిడక్టిబుల్ వెయ్యి రూపాయలు, చూడండి తేడా. పైగా టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం మామూలుగా ఆ మాఫీలో ఉండవు. అంటే రాయి తగిలే చోట్లన్నీ తీసేసి, తగలని చోట్లకి మాఫీ. కార్డు గీసేటప్పుడు రూపాయల్లో వెయ్యమంటారా అని మిషను ప్రేమగా అడుగుతుంది. యూరోల్లోనే వెయ్యమనండి, ఆ ప్రేమకి వేరే మారకం రేటు ఉంటుంది.

ఫ్లారెన్సులో పాతబస్తీ అంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బండ్లు రాకూడని వీధులు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఓ గుండ్రటి బోర్డూ ఓ కెమెరా. అమ్మాయి నడుపుతోంది, హోటలు కోసం రెండు సార్లు తిరిగాం. రెండు ఫోటోలు. జరిమానా కాగితం ఇంకా రాకముందే అద్దె కంపెనీ కార్డు మీద రెండు సార్లు డబ్బు లాగేసింది. ఎందుకంటే పోలీసులకి మా పేరు, చిరునామా ఇచ్చినందుకు! అసలు జరిమానా తరవాత తీరిగ్గా వచ్చింది. విదేశాల్లో ఉండేవాళ్లకి నోటీసు ఇవ్వడానికి వాళ్ల చట్టంలో 360 రోజుల గడువుందిట. మన సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా అన్నమాట.

మళ్లీ సాన్ హోసేకి వద్దాం, బిల్లు చూపించడం మర్చిపోయాను. అందులో కన్సెషన్ రికవరీ అని ఓ వరస ఉంది, 11.11 శాతం. అంకె చూడగానే నా చెయ్యి కాలిక్యులేటరు కోసం వెతికింది. పూర్ణాంకం కాదు, ఎందుకు? విమానాశ్రయం తన స్థలంలో వ్యాపారం చేసుకున్నందుకు కంపెనీ ఆదాయంలో 10 శాతం తీసుకుంటుంది. దాన్ని కంపెనీ మన మీద వేస్తుంది. కానీ మన మీద వేసిన ఆ పదీ కంపెనీకి ఆదాయమేగా, దాంట్లోనూ పదో వంతు విమానాశ్రయానికి పోవాలి. దాన్నీ మన మీద వేస్తే, దానికీ మళ్లీ పదో వంతు. అలా వేసుకుంటూ పోతే వంద డాలర్లకి 11.11 దగ్గర తేలుతుంది. చక్రవడ్డీ కట్టినవాళ్లం గాని, అద్దె మీద అద్దె మీద అద్దె ఇదే మొదటిసారి. కోపం రాకపోగా, ఆ లెక్క కట్టినవాడెవడో చూడాలనిపించింది. సన్నీవేల్లో ఇంటికి రెండు వీధుల అవతలే ఇంకో అద్దె ఆఫీసు ఉంది. అక్కడ తీసుకుంటే ఈ వరసే ఉండదు.

బండి తీసుకునేముందు చుట్టూ ఫోటోలు తియ్యమని అందరూ చెబుతారు. రెండోసారి మా ఆవిడ ఆ పని తను తీసుకుంది. ఫోను వీడియోలో పెట్టి కుడిచేతి వైపు నుంచి మొదలెట్టి మూడు ప్రదక్షిణలు చేసింది, చక్రాల దగ్గర వంగి మరీ. పార్కింగులో ఉన్న కుర్రాడు ఇదేదో హిందువుల ఆచారం అనుకున్నాడో ఏమో, పక్కకి తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక తలుపు మీద అప్పటికే ఉన్న గీత ఒకటి అందులో పడింది. బండి తిరిగిచ్చినప్పుడు ఆ గీత మాట వచ్చింది, ఈవిడ వీడియో తీసింది, మాట పోయింది.

పెట్రోలు అంటారా, నింపి ఇస్తే నింపి ఇచ్చెయ్యడమే. ముందే టాంకు కొనుక్కోమంటారు, వద్దు. సగం టాంకు వాళ్లకి దానం చేసినట్టు.

కొత్త ఒప్పందంలో రెండో రోజు లివర్‌మోర్ గుడికి వెళ్దామనుకున్నాం. పొద్దుటే వాన పట్టుకుంది. కారు వాకిట్లోంచి కదల్లేదు. మర్నాడు మ్యూర్ వుడ్స్ చూసి వస్తూ గోల్డెన్ గేట్ వంతెన దాటాం. అక్కడ 2013 నుంచీ డబ్బు పుచ్చుకునే మనిషి లేడు, కెమెరా నంబరు పట్టుకుంటుంది, బిల్లు అద్దె కంపెనీకి పోతుంది. ముందే వంతెనవాళ్ల వెబ్‌సైట్లో ఒక్కసారికి కట్టేసి ఉండొచ్చని తరవాత తెలిసింది. నెల తిరిగాక రాజమండ్రిలో ఉండగా కార్డు మీద టోలు పడింది. టోలు ఒక్కసారిదే. దాని పక్కన సౌకర్య రుసుము మాత్రం బండి మా దగ్గరున్న ప్రతి రోజుకీ వేశారు, వాన పడ్డ రోజుతో సహా.

"ఆ రోజు కారు కదలనే లేదు కదే," అన్నాను స్టేట్‌మెంటు చూపిస్తూ.

మా ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఆ రోజేగా ఉల్లిపాయ పకోడీలు వేశాను, అల్లుడికి చాలలేదు కూడాను. ఇంత పోశామని తెలిస్తే ఇంకో వాయి దింపేదాన్ని."