అమ్మ ఖాతా

మా ఇంట్లో ఖాతా అనే మాట బ్యాంకు కంటే ముందే ఉంది. అది సావుకారు ఖాతా. పాడేరు ఏజెన్సీలో మా సంత ఊళ్లో ఆయన కొట్టు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకంలో నాన్న పేరుండేది. నాన్నకి చదువు రాదు. అయిదో తరగతిలో ఉండగా నేను ఆ పేజీ చదవబోతే, "ఊరుకోరా, బాబు కోప్పడతారు" అన్నాడు.

ఆషాఢం మాకు గడ్డు నెల. తిండిగింజలు అయిపోతాయి, విత్తనాలు కావాలి, పిల్లలకి జ్వరాలు. అప్పుడిచ్చిన డబ్బుకి సావుకారు వడ్డీ అడిగేవాడు కాదు. కొండమీద ఇంకా తవ్వని పసుపుకి ఆ రోజే ధర కట్టేసేవాడు. మా కొండ పసుపు చేతికి రావాలంటే దాదాపు రెండేళ్లు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మోసుకెళ్లాక సంతలో ధర ఎంతున్నా మాకు పాత ధరే. అందులో దాగిన వడ్డీ ఎంతో లెక్కగట్టడం నాకు డిగ్రీలో గాని రాలేదు. కట్టాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఏజెన్సీలో వడ్డీ వ్యాపారులను అదుపు చేసే రెగ్యులేషన్ 1960లోనే వచ్చింది. అంతకు ముందే, 1956లో, జీసీసీ పెట్టారు. అయినా ఆషాఢంలో అడిగిన వెంటనే డబ్బిచ్చేవాడు మా ఊరికి సావుకారొక్కడే.

2014లో జన్‌ధన్ పథకం వచ్చాక అమ్మకీ ఒక పాసుపుస్తకం ఇచ్చారు. ఉపాధి కూలి అందులో పడేది. తీసుకోవాలంటే ఆటో కిరాయి, ఒక రోజు పని పోయేవి. తీరా వెళ్తే వేలిముద్ర మిషను అమ్మ వేలిని గుర్తుపట్టేది కాదు. పసుపు తవ్విన వేళ్లకి గీతలెక్కడ మిగులుతాయి? "నా చెయ్యి నాది కాదంటంది" అని అమ్మ నవ్వేది. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో మార్పు డ్వాక్రా సంఘంతో వచ్చింది. వాళ్లు పొదుపు చేసుకున్నాక బ్యాంకు సంఘానికి అప్పిచ్చింది, భూమి తాకట్టు అడక్కుండా. మామూలుగా మా పట్టా చూస్తే మేనేజర్లు వెనకాడతారు. 1/70 చట్టం ప్రకారం మా భూమిని గిరిజనులకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు కదా. అప్పు పుట్టడం కోసం ఆ చట్టం సడలించాలనేవాళ్లు మా కుర్రాళ్లలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. అప్పు పుట్టకపోతే ఒక ఏడు పస్తులుంటాం, భూమి పోతే ఊరే ఉండదు.

ఆ ఆషాఢం అమ్మ సంఘంలో అప్పు తీసుకుంది. పసుపు మా అటక మీదే ఉండిపోయింది. మూడు సంతలు ధర విని, నాలుగో సంతకి తీసుకెళ్లింది. ఆ డబ్బుతో సంఘం అప్పు తీర్చింది, చెల్లి ఇంటర్‌లో చేరింది.

సావుకారు ఖాతా ముగిసిందనుకున్నాను. పోయిన వానాకాలం అర్ధరాత్రి నాన్నకి ఆయాసం వచ్చింది. డోలీలో సంత ఊరిదాకా మోసుకొచ్చాం. అక్కడినుంచి జీపుకి డబ్బు కావాలి. సంఘం డబ్బు బ్యాంకులో ఉంది, ఫోనుకి సిగ్నల్ లేదు. వెళ్లి కొట్టు తలుపు తట్టాను. ఆయన లేచి, మారుమాట లేకుండా డబ్బు చేతిలో పెట్టాడు.

నాన్న తేరుకున్నాక బాకీ సంగతి చూడ్డానికి వెళ్లాను. "పాత పేజీలోనే రాసేశాన్రా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. పుస్తకం నా వైపు తిప్పుకుని, పేజీ మొదటినుంచి చదివాకే పెట్టాను.