ఇన్వర్టర్ మీద మా రెండు కోర్ల కంప్యూటర్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడగగానే మాకు తిరుమలగిరి హాస్టల్‌లో మా స్టడీ అవర్, ఆ మూలన ఉన్న పాత కంప్యూటర్ గుర్తొచ్చాయి.

అది 2012. అప్పటికి మనది ఇంకా నల్లగొండ జిల్లానే. ఆ ఏడాది రాష్ట్రమంతా కరెంటు కోతలు. పదో తరగతి వాళ్లందరికీ ఒక్కటే ఇన్వర్టర్. ట్యూబులైట్లు, ఫ్యాన్లు, ఒక దాత ఇచ్చిన కంప్యూటర్ అన్నీ దాని మీదే. కంప్యూటర్ పెడితే లైట్లు తొందరగా ఆరిపోయేవి. "లెక్కల వీడియో కావాలా, లైటు కావాలా?" అని రోజూ మాలో మాకే పోట్లాట.

ఇంజనీరింగ్ చదివే ఒక సీనియర్ అన్న సెలవుల్లో వచ్చి దారి చూపాడు. అందులో ఉన్నది లినక్స్. ప్రాసెసర్ వేగాన్ని 1.6 నుంచి 2.66 గిగాహెర్ట్జ్ దాకా మార్చుకోవచ్చు. వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గుతుందని, ప్రాసెసర్ వాడే కరెంటు వేగాన్నీ, వోల్టేజీ వర్గాన్నీ బట్టి ఉంటుందని బోర్డు మీద రాసి చెప్పాడు. వేగాన్ని నిర్ణయించే పద్ధతి పేరు గవర్నర్. అందరం నవ్వాం. మాకు తెలిసిన గవర్నర్ రాజ్‌భవన్‌లో ఉండేవారు మరి!

అన్న వెళ్లాక మేమే పవర్‌సేవ్ పెట్టాం. ఏమీ మారలేదు. ఫోన్ చేస్తే, కమాండ్‌లో కోర్ నంబరు ఇవ్వకపోతే అది సున్నా నంబరు కోర్‌కే వర్తిస్తుందన్నాడు. మా ప్రాసెసర్‌లో రెండు కోర్లలో ఏది ఎక్కువ వేగం అడిగితే రెండూ ఆ వేగంతోనే నడుస్తాయి. ఒక్కడు చదువుకుంటున్నా హాలంతా లైటు వెలిగినట్టే.

రెండింటికీ పెట్టాం. ఆ రాత్రే ఒక పాఠం వీడియోను చిన్న ఫైలుగా మార్చబోయాం. నలభై నిమిషాల పని గంట దాటింది. అంతసేపూ మానిటర్, హార్డ్‌డిస్క్ నడుస్తూనే ఉన్నాయి. ప్రాసెసర్ మిగిల్చింది అవి తినేశాయి. లైట్లు ఆరిపోయాయి. మరునాడు స్లిప్ టెస్టు ఉన్న తొమ్మిదో తరగతి తమ్ముడు కొవ్వొత్తి ముందు కూర్చున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధనిపించింది.

తర్వాత ఆన్‌డిమాండ్‌కు మారాం. పని పడితే వేగం పెరుగుతుంది, పని లేకపోతే తగ్గుతుంది. పెద్ద పనులు కరెంటు ఉన్నప్పుడే చేసుకున్నాం. వాడనప్పుడు మానిటర్ ఆపేశాం. మళ్లీ ఆన్ చేస్తే సెట్టింగు పోయేది కాబట్టి రోజూ సాయంత్రం రెండు కోర్లూ చూసే డ్యూటీ ఒకరికి వేశాం. చాలా రాత్రులు స్టడీ అవర్ అయ్యేదాకా లైట్లు నిలిచాయి.

ఇప్పుడు పద్ధతులు మారాయి. 2016లో లినక్స్ 4.7తో షెడ్‌యుటిల్ అనే గవర్నర్ వచ్చింది. కొత్త ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి పవర్‌సేవ్ అని పెట్టినా పనిని బట్టి వేగం పెరుగుతుంది. కాబట్టి తమ్ముళ్లూ, పేరు చూసి నమ్మకండి. ప్రతి కోర్‌నూ, మొత్తం మెషీన్‌నూ చూడండి. పొదుపంటే అన్నిటినీ నెమ్మది చేయడం కాదని మాకు ఆ కొవ్వొత్తి వెలుగులో తెలిసింది.

– 2013 పదో తరగతి బ్యాచ్