ఉప్పు పెట్టిన చేయి

ఊళ్లు పుట్టుటలో రెండు విధములు కలవు. నది యొడ్డునను, చెరువు క్రిందను, దేవాలయము చుట్టును తమంతట తాము పెరిగినవి కొన్ని. ఎవరో యొకరు కాగితముమీద గీత గీచి, ఇచ్చట నొక యూరుండవలెనని నిర్ణయింపగా పుట్టినవి మఱికొన్ని. మొదటివానికి తల్లి నేల. రెండవవానికి తల్లి యజమానుని అక్కఱ. ఆ యక్కఱ యున్నన్నాళ్లు ఊరు పచ్చగా నుండును. అది తీరిననాడు మఱియొక యజమానుని వెదకుకొనవలసినదే. ఇట్టి యూరి కథ మగవారికంటె మనకు త్వరగా బోధపడును. ఒకరి సంపాదనమీద నడచు సంసారములో కొన్ని ప్రశ్నలు నాలుక చివరివఱకు వచ్చి మరలి పోవునని మన మెఱుగనిది కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూ మెక్సికో దక్షిణభాగమున నున్న అలమగోర్డో యను పట్టణ మట్టిది. మేము ఎల్ పాసో నగరమునుండి మోటారులో ఉత్తరముగా సుమారు 85 మైళ్లు పోయి ఆ యూరు చూచితిమి. దారి పొడుగునను ముండ్ల పొదలు, బూడిదరంగు నేల, తలపైన మేఘము లేని యాకాశము. తూర్పున సాక్రమెంటో కొండలు గోడవలె నిలిచియున్నవి. పడమట తెల్లని యిసుక దిబ్బలు 275 చదరపు మైళ్ల మేర వ్యాపించియున్నవి. అది మన మెఱిగిన యిసుక కాదు. జిప్సమను ఖనిజపు పొడి. మిట్టమధ్యాహ్నమునను దానిమీద వట్టి కాళ్లతో నడచిన కాళ్లు కాలవు. 2019లో ప్రభుత్వమువారు దీనిని జాతీయోద్యానముగా ప్రకటించిరి.

స్పానిషు భాషలో అలమగోర్డో యనగా లావైన కాటన్‌వుడ్ చెట్టని యర్థము. గాలికి రావియాకులవలె గలగలలాడు ఆకులు గల చెట్టది. ఎడారిలో నా చెట్టు కనబడినచో దగ్గఱలో నీరున్నదని గుర్తు. 1898లో చార్లెస్ ఎడ్డీ యనునతడు ఎల్ పాసోనుండి ఉత్తరమునకు రైలుమార్గము వేయుచు, కొండలోయనుండి నీరు దిగివచ్చు నీ చోటును పశువుల కామందుయొద్ద కొని పట్టణమునకు గీతలు గీయించెను. ఆవిరి యంత్రములకు నీరు కావలెను; పట్టాలక్రిందికి దూలములు కావలెను. నీరు లోయలో నుండెను, కలప కొండమీద నుండెను. కావున కొండమీది క్లౌడ్‌క్రాఫ్ట్ గ్రామమువఱకు మఱియొక చిన్న రైలు వంకరటింకరగా నెక్కిపోయినది. ఎడ్డీ తాను కట్టించిన యూరిలో మద్యము పారకుండవలెనని, స్థలముల క్రయపత్రములలోనే మద్యవిక్రయ నిషేధమును వ్రాయించి, ఒక్క భాగమున మాత్రము దానికి సెలవిచ్చెను. మంచి నియమమే. అయినను ఊరివారు కూడి చేసికొన్న నియమము కాదది. స్థలము నమ్మినవాడు పెట్టినది.

నీటి కథయు నిట్టిదే. ఆ ప్రాంతపు నీరు క్షారము గలది. యంత్రపు బానలలో పెచ్చులు కట్టును. అందుచేత రైలు కంపెనీవారు దూరపు కొండలలోని బోనీటో యేటినుండి గొట్టములు వేయించి మంచినీరు తెప్పించిరి. 1931లో ఆ యేటికి కట్టకట్టి చెరువు చేసిరి. ఆవిరి యంత్రములు పోయినవి. చెరువు మాత్రము తరువాత పట్టణమువారి దైనది. ఇనుప గుఱ్ఱములకై తెచ్చిన నీరు ఇల్లాండ్ర బిందెలకు దక్కినదన్న మాట. 2012లో కొండలలో కార్చిచ్చు రగిలి, ఆ చెరువంతయు బూడిదతోను మట్టితోను పూడిపోయినది. ఎడారి సంసారమునకు నీరెంత దూరపు చుట్టమో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

కొండ రైలుమీద ప్రయాణికుల రాకపోకలు 1938లో నిలిచిపోయినవి. 1947లో కలప బండియు నాగినది. 1940లో నాలుగువేలకు లోబడిన జనము గల యా యూరు, మొదటి యజమానుడు చేయి విడుచుటచే చిక్కిపోవలసినదే. కాని యప్పటికే రెండవ యజమానుడు వచ్చియుండెను. 1942లో సైన్యమువారు ఊరికి పడమటగా విమానస్థావరమును నెలకొల్పి, చుట్టునున్న బయళ్లను బాంబులు వేయుట నేర్చుకొను మైదానముగా మార్చిరి. 1948లో ఆ స్థావరమునకు హోలమన్ అను సేనాని పేరు పెట్టిరి. 1950లో 6,800 ఉన్న జనసంఖ్య 1960 నాటికి 21,700 దాటినది. పదియేండ్లలో మూడింతలు! ఇండ్లు, బడులు, అంగళ్లు, ప్రార్థనాలయములు అన్నియు సైనికుల జీతములమీద లేచినవి. 2020లో 30,900 మందికి చేరువైన యా యూరికి నేటికిని అన్నదాత యా స్థావరమే.

ఇంతవఱకు సంతోషించదగిన కథయే. కాని సైన్యమువారు బయళ్లు తీసికొనినపుడు ఆ బయళ్లు వట్టివి కావు. అక్కడక్కడ పశువులను పెంచుకొను కుటుంబములు కాపురముండెను. యుద్ధమైన తరువాత తిరిగి రావచ్చునను నాసతో వారు తలుపులు మూసి వెడలిపోయిరి. ఆ తలుపులు మరల వారికి తెఱువబడలేదు. అట్టి యిండ్లలో నొకదాని సంగతి చదివిననాడు మాకు నిద్ర పట్టలేదు. 1913లో జర్మనీనుండి వచ్చిన యొక వలసదారుడు కట్టుకొన్న చిన్న యిల్లది. తరువాత మఱియొక కుటుంబ మందుండి 1942లో ఖాళీచేసినది. 1945 జూలైలో విజ్ఞానులు ఆ యింటి పడకగదిని ధూళి లేకుండ తుడిచి, కిటికీలు బిగించి, ప్రపంచమున మొదటి అణుబాంబు గర్భములో నుంచవలసిన ప్లూటోనియపు గోళము నా గదిలో కూర్చిరి. ఇంటిప్రక్కన పశువులకై కట్టిన నీటితొట్టిలో పనివారు ఈదులాడిరి. ఒక యిల్లాలు దీపమార్పి బిడ్డలను జోకొట్టదగిన గది యెట్టి పనికి వినియోగమైనదో చూడుడు!

ఆ బాంబును ఆ యింటికి రెండు మైళ్ల దూరమున 100 అడుగుల ఉక్కు గోపురముమీద నుంచి, 1945 జూలై 16 తెల్లవాఱుజామున 5 గంటల 29 నిమిషములకు ప్రేల్చిరి. అలమగోర్డోకు సుమారు 60 మైళ్ల వాయవ్యమున నున్న యా చోటికి ట్రినిటీ యని పేరు. సూర్యోదయమునకు ముందే మఱియొక సూర్యుడు పొడిచినట్లు దూరదూరపు టూళ్ల వారికి వెలుగు కనబడినది. ఇదేమని యడిగినవారికి, అలమగోర్డో స్థావరమున మందుగుండు కొట్టు ఒకటి ప్రేలినదనియు ఎవరికిని ప్రాణహాని లేదనియు అధికారులు ప్రకటించిరి. ఊరి పేరే ఆ యసత్యమునకు ముసుగైనది. మూడు వారముల పిదప, ఆగస్టు 6న హిరోషిమా నగరము దగ్ధమైన వార్తతో గాని అసలు సంగతి వెల్లడి కాలేదు.

ఇక మన వంటయింటి మాటకు వత్తము. ఆ ప్రాంతపు పల్లెలలో ఆ దినములలో కొళాయిలు లేని యిండ్లు పెక్కు. కప్పుమీద పడిన వాననీటిని తొట్లలో పట్టి త్రాగుటకును వండుటకును వాడుకొనెడివారు. పెరటిలో కూరగాయలు, దొడ్డిలో ఆవులు, మేకలు, కోళ్లు. ప్రేలుడు ధూళి గాలితో పోయి కప్పులమీదను, పాదులమీదను, గడ్డిమీదను, ఆరవేసిన బట్టలమీదను వ్రాలినది. ఎవరిని ముందుగా ఇల్లు కదల్చలేదు. తరువాతనైనను ఈ నీరు త్రాగవద్దు, ఈ పాలు బిడ్డలకు పోయవద్దు అని ఒక్కరును చెప్పలేదు. ఇల్లాండ్రు బట్టలు దులిపి మడతపెట్టిరి, పాలు కాచిరి, కూర తరిగిరి. మనము చేయు పనులే వారును చేసిరి. విషమునకు రంగు లేదు, వాసన లేదు. బిడ్డకు పెట్టు ముద్దను ముందు తాను రుచిచూచు తల్లికిని అది తెలియలేదు. 2010లో ముగిసిన యొక ప్రభుత్వ పరిశోధనమున, నీటిద్వారమునను ఆహారముద్వారమునను లోపలికి పోయిన విషపు లెక్కను ఎవరును సరిగా కట్టలేదని తేలినది. శాస్త్రజ్ఞులు గాలిని కొలిచిరి, నేలను కొలిచిరి. గిన్నెను కొలువ మఱచిరి.

వారేల నోరెత్తలేదని మీరడుగవచ్చును. మొదట తెలియక. తెలిసిన పిమ్మటనో, ఉప్పు తిన్న చోటనుండి. అన్న స్థావరములో మరమ్మతుపని చేయును, మఱది క్షిపణుల మైదానమున కాపలా కాయును, కూతురు సైనికుల బిడ్డలకు చదువు చెప్పును. ఎవరి యుప్పు తిందుమో వారి పాట పాడవలెనని మన పెద్దలన్నారు. అది కృతజ్ఞతకు చెప్పిన మాట. దానిని నోటికి తాళముగా వాడినపుడు మాత్రము అది ధర్మము కాదు. అన్నము పెట్టిన చేతిని దూషింపరాదు, నిజమే. ఆ యన్నములో నేమి పడినదని యడుగుట దూషణమా?

అడుగుటకు 60 ఏండ్లు పట్టినది. అలమగోర్డోకు దాపున నున్న తులరోసాలో పుట్టి పెరిగి, తానును క్యాన్సరు రోగమును జయించిన టీనా కోర్డోవా యను నామె, ఫ్రెడ్ టైలరను నాయనతో కలసి 2005లో నొక సంఘమును స్థాపించెను. వారు ఇంటింటి రోగముల లెక్కలు వ్రాసికొనిరి. ఏటేట జూలై మాసమున తులరోసాలో గతించినవారి పేర నొక్కొక్క కాగితపు సంచిలో నొక్కొక్క దీపము వెలిగించి వరుసగా నుంచుదురు. మన కార్తిక దీపములను తలచుకొనుడు; అవి మ్రొక్కు దీపములు, ఇవి లెక్క చెప్పు దీపములు. నెవాడాలోని అణుపరీక్షల వలన బాధపడిన కొన్ని ప్రాంతముల వారికి పరిహారమిచ్చు చట్టము 1990లోనే పుట్టినది. మొట్టమొదట బాంబు ప్రేలిన న్యూ మెక్సికో వారికి మాత్రము దానిలో చోటు లేదు. 2025 జూలై 4న చేసిన చట్టముతో వారికిని లక్ష డాలర్ల పరిహారమునకు అర్హత కలిగినది. ప్రేలుడు జరిగి 80 ఏండ్లు నిండుటకు పండ్రెండు దినములే తక్కువ! ఆనాడు పాలు త్రాగిన బిడ్డలలో ఎందఱు ఆ ధనమును కన్నులార చూడగలరు?

ఇట్లు చెప్పుటచే ఆ యూరివారు దీనులనియు, సైనికులు క్రూరులనియు మా తాత్పర్యము కాదు. మేము చూచిన యలమగోర్డో మర్యాద గల యూరు. రైలుమార్గపు ప్రక్కనే ఎడ్డీ కాలమునాటి ఉద్యానము చల్లని నీడ నిచ్చుచున్నది. ప్రయాణికుల బండి యాగదు గాని, పొడవైన సరకుల బండ్లు నేటికిని దాని ప్రక్కనుండి పోవును. అంధ బాలబాలికలకై 1903లో స్థాపింపబడిన విద్యాలయము నేటికిని నడచుచున్నది. కొండ చరియపైనున్న అంతరిక్ష ప్రదర్శనశాల ముంగిట నొక చిన్న సమాధి కలదు. 1961లో మనుష్యులకంటె ముందుగా అమెరికావారు అంతరిక్షమునకు పంపి, ప్రాణములతో మరల దింపిన హామ్ అను చింపాంజీది. దానికి ఆ విద్య నేర్పినది హోలమన్ స్థావరముననే. నోరులేని యా జంతువునకు ఊరివారు గౌరవముతో చోటిచ్చిరి. క్షిపణిని పరీక్షించునపుడు పడమటి రాజమార్గమును కొంతసేపు మూసివేయుదురు. ఆ జనము బండ్లు నిలిపి, విసుగుకొనక, తలుపులు తెఱచుకొని కబుర్లాడుదురట. నిరీక్షించుట వారికి క్రొత్త కాదు.

రైలు వచ్చి పోయినది. సైన్యమును ఏనాటికో పోవచ్చును. యజమానులు మారుదురు, ఇల్లు, నీరు, బిడ్డలు ఊరివారికే మిగులుదురు. కావున ఊరివారికి, అందును ఇల్లాండ్రకు, అడుగు హక్కు ముందుండవలెను. మన గృహములలోను ఇంతే. తెచ్చి పెట్టువారియెడ కృతజ్ఞత యుండవలసినదే. కాని తెచ్చినది బిడ్డల కంచములో వడ్డించునది మనము. వడ్డించు చేతికి, ఇది యెక్కడిది, ఇందేమున్నది యని యడుగు నధికారము లేనిచో ఆ వంటయిల్లు మనదెట్లగును? తులరోసా స్త్రీలు ఆ ప్రశ్నను ముదిమిలో నడిగిరి. మన యాడుబిడ్డలు దానిని చిన్ననాడే, మర్యాదగా, భయము లేక అడుగునట్లు పెంచుట మన చేతిలోని పని.