రాలిన ఆకుకు రుసుము కట్టాలా?

హైటెక్ సిటీ అనగానే మీకేం గుర్తొస్తుంది? అద్దాల మేడలు, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకుని పరుగులు తీసే పిల్లలు, గంటల తరబడి కదలని ట్రాఫిక్కు... అంతేగా! ఈసారి ఆ మేడల వంక కాకుండా ఇళ్ల గేట్ల పక్కన ఏముందో చూసొద్దాం, రండి. ఒక గోనె సంచి ఉంటుంది. అందులో రాలిన ఆకులు, కత్తిరించిన మందార కొమ్మలు, ఎండిన కొబ్బరి మట్ట. దాన్ని ఎవరెత్తాలి? ఎత్తినందుకు మనం వేరే డబ్బులివ్వాలా? వినడానికి చిన్న సంగతే. కానీ ఇందులో మన ఇంటి ఖర్చుంది, చెత్త బండి మీద బతికే కుటుంబం కూలి ఉంది, వీధిలో మిగలాల్సిన చెట్టు నీడ కూడా ఉంది.

ఈ షికారుకి మాఘ ఫాల్గుణ మాసాలు మంచివి. ఉగాదికి కొత్త చిగురు తొడగాలంటే వేప, కానుగ పాత ఆకును దులుపుకోవాలి కదా! పొద్దున్నే వెళ్తే ఎండా తగలదు, చీపుళ్ల చప్పుడూ వినిపిస్తుంది.

సైబర్ టవర్స్ దగ్గర్నుంచి

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన గుండ్రటి మేడ ఇదే. అప్పటికి చుట్టూ ఎక్కువ భాగం బండరాళ్లూ, తుమ్మ చెట్లూ, పొదలూ. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అన్నీ పల్లెలే. మాదాపూర్‌లో శిల్పారామం మాత్రం అంతకు ముందే, 1992లో వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చింది. ఊరు ఇంత తొందరగా పెరిగింది గాని, ఊడ్చిన ఆకు ఎక్కడికి పోవాలన్న ఆలోచన మాత్రం అంత తొందరగా పెరగలేదు.

పల్లెగా ఉన్నప్పుడు ఈ ప్రశ్నే లేదు. ఆకు మేక తినేది, పుల్ల పొయ్యిలోకి పోయేది, మిగిలింది పెంటకుప్పలో పడి ఎరువయ్యేది. ఇప్పుడు మేకా లేదు, కట్టెల పొయ్యీ లేదు, పెంటకుప్పకి జాగా అసలే లేదు. గేటు పక్కన సంచి మిగిలింది.

కొత్తగూడలో ఆగుదాం

ఇక్కడ కోట్ల విజయభాస్కరరెడ్డి పేరున ఉన్న బొటానికల్ గార్డెన్‌లోకి ఒక్కసారి వెళ్లండి. 270 ఎకరాల పైచిలుకు పచ్చదనం. చెట్ల కిందికి వెళ్లి కాస్త ఆకు తొలగించి చూడండి. పైన గలగలలాడే ఎండుటాకు, దాని కింద మెత్తబడ్డ ఆకు, ఇంకా కిందికి వెళ్తే నల్లటి మట్టి! అడవిలో ఎవరూ ఊడవరు, ఎవరూ బిల్లు ఇవ్వరు. ఆకు పడ్డచోటే మట్టయిపోతుంది. ఆకు చెత్తయ్యేది మనం దాన్ని సంచిలో కట్టి గేటు బయట పెట్టినప్పుడే.

2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పాయి. తోట చెత్తను ఇంటి చెత్తతో కలపకుండా, ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా ఉంచుకుని, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో ఇవ్వాలన్నాయి. పార్కుల్లోని ఆకును వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే ఎరువు చెయ్యాలని స్థానిక సంస్థలకీ చెప్పాయి. రోడ్డు మీద పారెయ్యకూడదు, తగలబెట్టకూడదు. ఇంటింటి నుంచి వాడుక రుసుము తీసుకోవడానికీ అవి వీలిచ్చాయి. అంటే రుసుమన్నది నిన్న ఎవరో కొత్తగా పుట్టించిన మాట కాదు.

బండి వచ్చింది, సంచి మిగిలింది

కొండాపూర్ సందుల్లోకి వెళ్దాం. ఇక్కడ ఇంకా సొంత ఇళ్లు, ముందు నాలుగు చెట్లు కనిపిస్తాయి. అదుగో, పాట పెట్టుకుని స్వచ్ఛ ఆటో వస్తోంది. 2015లో ఈ ఆటోలు నగరమంతా మొదలయ్యాయి. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట ఇంటింటికీ పంచారు. ఆటో తోలేవాళ్లు బ్యాంకు అప్పు తీర్చుకుంటూ, ఇళ్లవాళ్లు నెల నెలా ఇచ్చే డబ్బుతో బతకాలన్నది ఏర్పాటు. మొదట్లో ఇంటికి నెలకు 50 రూపాయలనుకున్నారు.

సరే, ఇప్పుడు మీరు ఆ బుట్టలతోపాటు ఓ కొమ్మల మోపు కూడా అందించారనుకోండి. అతని మొహం చూడండి! అతన్ని అనకండి. ఆకు బరువు తక్కువే గాని చోటు ఎక్కువ. మీ ఒక్క మోపుతో సగం బండి నిండితే, పక్క వీధి చెత్త ఎక్కడ వేసుకుంటాడు? ఇంకో ట్రిప్పు వెయ్యాలి, డీజిల్ అతనిదే. కొమ్మల్లో ముళ్లు గుచ్చుకుంటే చెయ్యీ అతనిదే. అందుకే 'అది మేం తీసుకోమమ్మా' అంటాడు. చెట్లు కొట్టించినప్పుడు మనం ట్రాలీ ఆటో వేరే మాట్లాడుకుంటున్నాం కదా, అది మాత్రం రుసుము కాదా!

ఎవరూ తీసుకోని సంచి ఏమవుతుంది? మూడు దారులు. ఒకటి, ఖాళీ ప్లాటులోకి. రెండు, నాలాలోకి. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచిన వానలు గుర్తున్నాయిగా? పూడుకుపోయిన కాలువ ఎంత చేటు తెస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మూడు, అగ్గిపుల్ల. ఆకు మంటకి మండేది తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ ఆరేసిన బట్టల్లోకీ, ఉబ్బసం ఉన్న అత్తగారి గదిలోకీ, పసిపిల్ల ఉయ్యాల దగ్గరికీ వస్తుంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అయినా తెల్లవారుజామున ఈ పొగ వాసన మనకి కొత్తేం కాదు.

గేటున్న కాలనీల్లో

గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ వైపు వస్తే కథ వేరు. ఎత్తైన అపార్టుమెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు, కత్తిరించిన పచ్చిక. ఇక్కడుండే అమ్మాయిలు 'మాకు తోట చెత్త సమస్యే లేదండీ' అంటారు. లేకేం! తోటమాలి జీతం, ఆకు ఎత్తే ట్రాక్టరు కిరాయి మెయింటెనెన్స్ బిల్లులో కలిసిపోయి ఉంటాయి, కనపడవంతే. 2016 నియమాలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలు తమ తడి చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువు చేసుకోవాలన్నాయి. మీ కాలనీలో ఆ ఏర్పాటు ఉందా? ఈసారి అసోసియేషన్ మీటింగులో మీరే అడగండి. మగవాళ్లు పార్కింగు గురించి పోట్లాడుకుంటుంటే మీరు ఆకు సంగతి ఎత్తండి.

'పన్ను కడుతున్నాం కదా!'

రుసుము మాట ఎత్తగానే మనకి ముందు నోటికొచ్చే మాట ఇదే. తప్పేం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూశాం. 2021 అక్టోబరు 2న 'క్లాప్' అనే స్వచ్ఛ కార్యక్రమం మొదలై, ఆ వెనకే ఇంటింటా నెలవారీ రుసుము వచ్చింది. జనం దానికి పెట్టిన పేరు 'చెత్త పన్ను'. ఎంత చెత్త ఇచ్చారన్నది లెక్క కాదు, ఇల్లుంటే కట్టాల్సిందే. 'చెత్త మీద కూడా పన్నా!' అని ఊరూరా గోల. చివరికి 2024 అక్టోబరు 2న, మళ్లీ గాంధీ జయంతి నాడే, దాన్ని రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మచిలీపట్నంలో ప్రకటించారు.

ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లల్ని అడిగి చూడండి, ఇంకో రకం చెప్తారు. అక్కడ మామూలు ఇంటి చెత్తకు విడిగా డబ్బులడగరు, కౌన్సిల్ పన్నులోనే అయిపోతుంది. తోట చెత్తకు మాత్రం రుసుము అడగొచ్చని చట్టం ఉంది, చాలా కౌన్సిళ్లు ఏడాది చందా తీసుకుంటున్నాయి. కట్టినవాళ్లకి వేరే డబ్బా, మామూలుగా రెండు వారాలకోసారి బండి. ఒద్దనుకున్నవాళ్లు కట్టక్కర్లేదు, పెరట్లో ఎరువు చేసుకోవచ్చు. తేడా గమనించారా? అక్కడ రుసుము ఇంటి మీద కాదు, బండి కావాలన్నవాళ్ల మీద.

మరి మనకేది న్యాయం?

నన్నడిగితే, అందరి మీదా ఒకే రేటు వెయ్యడం అన్యాయం. అసలు రుసుమే వద్దనడమూ అన్యాయమే. ఎలాగంటారా?

నెలకు 50 రూపాయలు తోట రుసుమని అందరికీ వేశారనుకుందాం. ఏడాదికి 600. బాల్కనీలో తులసి కుండీ, కరివేపాకు మొక్క ఉన్న ఇల్లాలూ 600 కట్టాలి, మామిడి చెట్టూ రెండు కొబ్బరి చెట్లూ ఉన్న ఇల్లూ అంతే కట్టాలి. ఇదేం లెక్క? అలా కాకుండా సంచికి 20 రూపాయలన్నారనుకోండి. నెలకు నాలుగు సంచులిచ్చే పెద్ద పెరటివాళ్లకి ఏడాదికి 960 అవుతుంది. కుండీల ఇల్లాలికి సున్నా. ఎరువు చేసుకున్నవాళ్లకీ సున్నా. ఎత్తినవాడికి ఎత్తినంత కూలి ముడుతుంది. ఈ అంకెలు లెక్క తెలియడానికి నేను అనుకున్నవే, పద్ధతి మాత్రం అదే ఉండాలి.

దీనికి కొన్ని హద్దులూ కావాలి. నెలకు ఓ సంచి ఉచితంగా తీసుకోవాలి, లేకపోతే అగ్గిపుల్లే చవకని మళ్లీ మంట పెడతారు. రోడ్డు మీద కార్పొరేషన్ నాటిన చెట్టు ఆకు మన గేట్లో పడితే దానికి మన దగ్గర వసూలు చెయ్యకూడదు. నీడ ఊరందరిదీ, ఊడ్చే ఖర్చు మనదా! గాలివానకి కొమ్మలు విరిగిన వారం రుసుము ఉండకూడదు. ఆ డబ్బులో ఎత్తేవాళ్ల వాటా చేతికందాలి. అన్నిటికంటే ముఖ్యం, సంచి ఎక్కడికి పోతుందో చెప్పాలి. హైటెక్ సిటీ ఆకు 30 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి జవహర్‌నగర్ గుట్టల్లో కలవడానికైతే మనం డబ్బులెందుకివ్వాలి? వార్డుకో చోట కొమ్మలు తురిమే యంత్రం, పక్కనే ఎరువు గుంత ఉంటే, మన ఆకు మన పార్కుకే ఎరువవుతుంది.

ఒక భయం మాత్రం ఉంది, అది చెప్పి తీరాలి. రుసుము భారం అనిపిస్తే మనవాళ్లు ఏం చేస్తారో మనకి తెలుసు. 'ఈ చెట్టుతో రోజూ చాకిరీ, పైగా డబ్బులు కూడానా' అని మొదలంటా కొట్టించి, వాకిలంతా టైల్సు పరిపించేస్తారు. వేసవిలో ఆ టైల్సు మీద కాలు పెట్టగలరా? అద్దాల మేడల మధ్య కాసిన్ని చెట్లు మిగిలింది ఇలాంటి వాకిళ్లలోనే. ఆకుకి వేసిన రేటు చెట్టుకి ఉరి కాకూడదు. అందుకే చెట్టున్న ఇంటికి మొదటి సంచి ఉచితం ఉండాలంటున్నాను.

మన చేతిలో ఉన్నది

రేటు సంగతి తేలేలోగా మనం చెయ్యగలిగింది చేద్దాం. పాత ప్లాస్టిక్ డ్రమ్ముకి అడుగునా పక్కలా చిల్లులు పెట్టించండి. అడుగున చితికిన ఎండు కొమ్మలు, పైన జానెడు ఎండుటాకు, దాని మీద రోజూ వచ్చే కూరగాయ తొక్కలు, మళ్లీ ఆకు. తొక్క ఎంతో దానికి రెండు మూడింతలు ఆకు ఉంటే వాసన రాదు. వారానికోసారి పుల్ల మజ్జిగలో కాస్త బెల్లం కరిగించి చల్లి, కర్రతో కలపండి. పిండి ఆరేసిన గుడ్డ ఎంత తడిగా ఉంటుందో అంత తడి చాలు. నూనె పదార్థాలు, ఎముకలు వెయ్యకండి. మామిడాకు, పనసాకు మందం కనుక నలిపి వెయ్యండి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు దిగుతుంది. కొబ్బరి మట్ట వస్తే ఈనెలు తీసి చీపురు కట్టించండి, చీపురు డబ్బులైనా మిగులుతాయి. ఎండాకాలం మొక్కల మొదట్లో ఆకు పరిస్తే నీళ్లు ఆదా.

ఇంత చేసినా మీ గేటు పక్కన ఓ సంచి మిగిలితే, దాన్ని ఎత్తేవాళ్లకి కూలి ఇవ్వడానికి వెనకాడకండి. కాకపోతే రసీదు అడగండి, ఆ సంచి ఎక్కడికి పోతోందో కూడా అడగండి. ఈసారి వార్డు సభ పెట్టినప్పుడు మీరూ వెళ్లి 'ఇంటికింత కాదు, సంచికింత' అని గట్టిగా చెప్పండి. పెరడు ఊడ్చేది మనమే కదా, ఈ లెక్క మనకంటే బాగా ఎవరికి తెలుసు!