బొమ్మ పోతాదా, సారూ?

మేఘసందేశం చదివినవాళ్ళకి యక్షుడి కష్టమేమిటో తెలుసు. ఏడాదిపాటు ఇల్లు చూడగూడదని యజమాని శాపం పెట్టాడు. కొలువు చేసుకునేవాడికి ఇంతకంటె పెద్ద శిక్ష వుండదు. ఇల్లాలికి కబురు పంపించుకోడానికి ఆకాశాన పోయే మబ్బు దొరికింది. అంతవరకు బాగానే వుంది. కాని అదే కావ్యంలో ఇంకోచోట ఆయన కొండరాతిమీద రంగుమన్నుతో ఆవిడ బొమ్మ గీసుకోబోతాడు. కళ్ళలో నీళ్ళు నిండి, గీసిన గీత కనబడకుండా పోతుంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకొక సందేహం: మాట మొయ్యగలిగిన మబ్బు, బొమ్మ మొయ్యలేదా? కాళిదాసు ఆ జోలికి పోలేదు. మహాకవి గనక, ఏది కుదురుతుందో ఏది కుదరదో ఆయనకి తెలిసే వుంటుంది.

అది కుదరడానికి 1997 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడు జూన్ 11న, అమెరికాలో శాంటాక్రూజ్ అనే ఊళ్ళో, ఫిలిప్ కాన్ అనే ఆయన భార్య పురిటికని ఆస్పత్రిలో చేరింది. ఆయన ఊరికే కూర్చోలేక ఒక కెమెరానీ, సెల్‌ఫోన్‌నీ, చిన్న కంప్యూటర్‌నీ ఒకదానికొకటి తగిలించి, అప్పుడే పుట్టిన కూతురి ఫోటో రెండువేలమందికి పంపించాడు. సెల్‌ఫోను మోసిన తొలి బొమ్మ అదేనంటారు. అది పసిపిల్ల బొమ్మ కావడం నాకేమీ ఆశ్చర్యంగా తోచలేదు. 2000 నవంబరులో జపానువాళ్ళు కెమెరా బిగించిన సెల్లునే అమ్మకానికి పెట్టారు. 2002లో నార్వే దేశంలో ఈ బొమ్మల సందేశం సామాన్య జనానికి అందింది. దానిపేరు ఎమ్మెమ్మెస్. తెలుగులో దానికి పేరంటూ నిలవలేదు. నాలాంటి తెలుగు మాష్టర్లు ఏదో ఒక గంభీరమైన సమాసం తయారుచేసే లోపల ఆ వస్తువే వెనకబడిపోయింది. ఒక విధంగా భాషకి మేలే జరిగింది.

మా రాజంపేట పేరు చెప్పగానే బయటివాళ్ళకి తాళ్ళపాక జ్ఞాపకం వస్తుంది. అన్నమయ్య పుట్టిన ఊరు మా పక్కనే గనక. మాకు మటుకు జ్ఞాపకం వచ్చేది కువైటు. వానని నమ్ముకోలేని సీమ కావడంచేత, మా చుట్టుపక్కల పల్లెల్లో ఆ దేశానికి మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. మగవాళ్ళు డ్రైవర్లుగా పోతారు. ఆడవాళ్ళు ఇంటిపనికి పోతారు. అలా పోయిన ఆడమనిషిని అక్కడ ఖద్దామా అంటారు. ఆ అరబ్బీ మాట మా సంతలో కూరలమ్మే ఆమెకు కూడా తెలుసు.

పూర్వం ఉత్తరాలుండేవి. ఉత్తరం రావడం ఒక ఎత్తు, దాన్ని చదివించుకోవడం ఒక ఎత్తు. చదువురానివాళ్ళు పక్కింటికి పోయి, ఎవరి కాళ్ళో పట్టుకుని, మొగుడూ పెళ్ళాల మాటలు కూడా నాలుగు చెవుల్లో పడనిచ్చి, విని వచ్చేవాళ్ళు. తరవాత టేపుల్లో మాటలు నింపి, వచ్చేపోయే వాళ్ళచేత పంపించుకున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులో దిగినప్పుడు అవీ ఆగిపోయాయి. గోడకి తగిలించిన స్టూడియో ఫోటోలకేసి చూస్తూ కూర్చోవడం తప్ప ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎందరికో వేరే పని లేకపోయింది. అంచేత మావాళ్ళకి ఫోటో అంటే అలంకారం కాదు. ఉత్తరం లాంటిదే, చదివిపెట్టేవాళ్ళ అవసరం లేని ఉత్తరం.

2008లో మా వీధి చివర ఒక అవ్వ వుండేది. కూతురు కువైటుకి పోయి మూడేళ్ళయింది. పోయేటప్పటికి ఏడాదిన్నర పిల్ల. అప్పటినుంచీ అవ్వ దగ్గరే. ఆ ఏడు పిల్లని బళ్ళో వేశారు. యూనిఫారం కుట్టించారు. రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టారు. ఆ వేషంలో పిల్లని చూడాలని కూతురు ఫోనులో ఒకటే గోల. వరసైనవాడొకడు సెలవుకి వస్తూ కెమెరా వున్న నోకియా ఫోను ఒకటి అవ్వకి తెచ్చిచ్చాడు. దాని మీటలమీద ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబ్బీ అక్షరాలు కూడా వున్నాయి. అవ్వకి రెండూ ఒకటే. అది పట్టుకుని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. చదువుకున్నవాడికి రాని విద్య వుండదని మా వీధిలో నమ్మకం. నేను ఎమ్మే చదివింది తెలుగు అని చెప్పినా ఆ నమ్మకం సడలదు.

"బొమ్మ పోతాదా, సారూ?" అంది.

"పోతుందవ్వా."

"ఈడ నొక్కితే ఆడ పడతాదా?"

ఇదే అసలు ప్రశ్న. జవాబు చెప్పడం అంత సులువు కాదు. మాటల సందేశం అయితే తపాలా జవాను ఇంటి గుమ్మంలో వేసిపోయే కార్డు లాంటిది. తనంతట తానే వచ్చి పడుతుంది. బొమ్మ అలా కాదు. పోస్టాఫీసుకి పార్సెలు వచ్చినప్పుడు జవాను పార్సెలు మొయ్యడు. వచ్చిందని ఒక చీటీ ఇచ్చిపోతాడు, మనమే వెళ్ళి విడిపించుకోవాలి. పంపినవాళ్ళ బొమ్మ ముందు కంపెనీవారి కేంద్రంలోకి పోయి కూర్చుంటుంది. అక్కణ్ణించి అందుకోవలసిన ఫోనుకి కంటికి కనబడని చీటీ ఒకటి పోతుంది. ఆ ఫోను ఇంటర్నెట్టు దారిన కేంద్రానికి వెళ్ళి బొమ్మని తెచ్చుకోవాలి. దానికి దారి తెలియాలి. కేంద్రం చిరునామా ఏది, మధ్యలో ఏ గుమ్మంగుండా పోవాలి, ఆ గుమ్మం నంబరెంత, ఇవన్నీ ఫోనులో ముందుగా రాసివుండాలి. వాటిపేరే సెట్టింగులు.

అవ్వ ఫోనులో సెట్టింగులు లేకపోలేదు. వున్నవి కువైటు కంపెనీవి. ఫోను రాజంపేటలో వుండి, మా ఊరి సిమ్ము వేసుకుని, అక్కడి తలుపే కొడుతూ కూర్చుంది. పుట్టింటికి వచ్చిన కోడలు అత్తవారి ఇంటి ధ్యాసలోనే వున్నట్టు.

కంపెనీవారికి ఫోను చేశాం. తెలుగు కావాలంటే ఒకటి నొక్కమన్నారు, ఇంకోదానికి ఇంకోటి నొక్కమన్నారు. సంగీతం వినిపించారు. చివరికొక అమ్మాయి పలికి, సెట్టింగులు సందేశంగా వస్తాయి, 1234 అని కొట్టి దాచుకోండి అంది. వచ్చాయి. ఫోను వాటిని ఒప్పుకోలేదు. మళ్ళీ సంగీతం. ఈసారి వివరాలన్నీ విడిగా పంపారు, చేత్తో ఎక్కించుకోమని. ఆ పని బజారులో ఒక మొబైలు షాపు కుర్రవాడికి అప్పగించింది అవ్వ. అతను చకచకా కొట్టి ఇచ్చాడు. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాం. బొమ్మ పోలేదు. పోలేదని రెండు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పి వూరుకుంది.

నాకు సెల్‌ఫోను విద్య రాదు గాని, దిద్దడం వచ్చు. ఏళ్ళతరబడి జవాబుపత్రాలు దిద్దే చెయ్యి. కంపెనీవారు పంపిన పాఠం పక్కన పెట్టుకుని, షాపులో ఎక్కించినదాన్ని అక్షరం అక్షరం సరిచూశాను. నాలుగు అంకెల గుంపులూ, వాటి మధ్య మూడు చుక్కలూ సరిగ్గానే వున్నాయి. గుమ్మం నంబరు 8080, అదీ సరే. దారిపేరు చివర మటుకు ఒక ఖాళీ వుంది. కంటికి కనబడేది కాదు; మీట జరుపుతూ పోతే చివరి అక్షరం దాటి ఇంకొక్క అడుగు వేస్తుంది, అదీ గుర్తు. చంపకమాలలో ఒక్క లఘువు ఎక్కువైతే పద్యం కుంటుతుంది, అయినా మొహమాటానికి వినేవాళ్ళుంటారు. యంత్రానికి మొహమాటం లేదు. ఆ ఖాళీ చెరిపేశాక బొమ్మ పోయింది.

పోయింది గాని చేరలేదు. కూతురి దగ్గర వున్నది కెమెరా లేని మామూలు ఫోను. అలాంటి ఫోనుకి బొమ్మ వస్తే కేంద్రంవాళ్ళు ఒక ఇంటర్నెట్టు చిరునామా పంపి, కంప్యూటరులో చూసుకోమంటారు. ఆమె గడప దాటేది వారానికి ఒక్కనాడు, అదీ యజమానురాలు సరేనంటే. "ఏందో ఇంగ్లీషులో వచ్చినాదంట సారూ, పాప రాలేదంట" అని అవ్వ వచ్చి చెప్పింది.

ఆ పక్కింట్లో నందలూరు దగ్గరి కుర్రవాడొకడు డ్రైవరు. అతని దగ్గర బొమ్మలు పట్టే ఫోను వుంది. అతనికి పంపి ఆమెకి చూపించమనాలని నిశ్చయమైంది. అతని కంపెనీకీ మా కంపెనీకీ పొత్తు వుండటం మా అదృష్టం. ఇందులో ఒక చిత్రం వుంది. 1874లోనే బెర్న్ నగరంలో దేశాలన్నీ కూర్చుని, ఒక దేశపు స్టాంపు వేసిన ఉత్తరాన్ని మరో దేశం మారుమాట్లాడకుండా బట్వాడా చెయ్యాలని రాసుకున్నాయి. ఇండియా 1876లో చేరింది. అందుకే రాజంపేటలో డబ్బాలో వేసిన కవరు ఏ దేశానికైనా పోతుంది. బొమ్మల సందేశానికి అలాంటి పెద్దమనుషుల ఒప్పందం లేదు. ఏ కంపెనీకి ఆ కంపెనీ, రెండోదానితో విడివిడిగా మాట్లాడుకోవలసిందే. మాట్లాడుకోనిచోట బొమ్మ మధ్యలో ఎక్కడో నిలిచిపోతుంది. ఎక్కడ నిలిచిందో చెప్పేవాడుండడు. నూట ముప్పై ఏళ్ళ కిందటి తపాలావారికి వున్న బుద్ధి సెల్‌ఫోన్లవారికి లేకపోయిందే అనిపించింది.

ఇక మిగిలింది బొమ్మ పరిమాణం. ఈ సందేశాలు మోసే బరువు తక్కువ. మూడువందల కిలోబైట్లు దాటితే సాధారణంగా తీసుకోరు. కొన్ని ఫోన్లు వందకే తల అడ్డంగా తిప్పుతాయి. పెద్ద ఫోటో తీస్తే దాన్ని కుదించి పంపాలి. అవ్వ పిల్లని గోడకి ఆనించి నిలబెట్టింది. రిబ్బన్లూ, యూనిఫారమూ, నల్ల బూట్లూ, భుజాన సంచీ, అన్నీ పడాలని పట్టు. పడ్డాయి. కుదించి చూస్తే పిల్ల ముఖం జొన్నగింజంత అయింది. గోరంత తెరమీద అదెవరో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

"అన్నీ రావవ్వా. ముఖం కావాలా, బట్టలు కావాలా?" అన్నాను.

అవ్వ కాసేపు మాట్లాడలేదు. యూనిఫారం కుట్టుకూలి ఆమెకి జ్ఞాపకం వచ్చిందేమో. పిల్ల జడ సవరించి, "ముఖం చాలు సారూ. బట్టలు ఎట్లుండాయో నేను ఫోన్లో చెప్తాలే" అంది.

నాకు తెలిసి సాహిత్యంలో వర్ణనకీ, చిత్రకళకీ వున్న సరిహద్దు ఇంత సూటిగా ఏ లాక్షణికుడూ గీయలేదు.

దగ్గరిగా ముఖం ఒక్కటే తీసి పంపాం. రెండోరోజు పొద్దున, ఆమె చెత్త వెయ్యడానికి గేటు దగ్గరికి వచ్చినప్పుడు డ్రైవరు కుర్రవాడు కారు తుడుస్తున్నట్టు నిలబడి ఫోను చూపించాడట. శుక్రవారం నాడు ఆమె ఫోను చేసింది. తరవాత అవ్వ మా ఇంటికి వచ్చింది. సంతోషంగా వస్తుందనుకున్నాను. ముఖం ఏదోలా వుంది.

"ఏమనిందవ్వా?"

"ముక్కు వాళ్ళ నాయన ముక్కే అనింది. నవ్వింది. ఆమైన, గడ్డం కింద ఆ గాటేంది అని అడిగింది."

పిల్ల ఆ ఎండాకాలంలో మెట్లమీంచి పడింది. రెండు కుట్లు వేశారు. మూడు నెలలుగా వారం వారం ఫోనులో "పాప బాగుండాది" అనే చెబుతూ వచ్చింది అవ్వ. దూరాన వున్నది, దిగులుపడుతుందని. పిల్లని రోజూ చూసే మా కంటికి ఆ గాటు ఎప్పుడో ఆనడం మానేసింది. ఫోటో తీసినప్పుడూ ఆనలేదు. అన్ని వేల మైళ్ళ అవతల, గేటు దగ్గర, అరనిమిషం చూసిన ఆమె కంటికి మొట్టమొదట అదే కనబడింది.

"నేను చెప్పలా సారూ. బొమ్మ చెప్పేసింది" అంది అవ్వ.

"కోప్పడిందా?"

"కోపం కాదు. ఇంకేమేం చెప్పకుండా దాచినావు అని అడిగింది."

ఇప్పుడు ఈ బాధలేవీ లేవు. వాట్సాపు 2009లో పుట్టింది; పెద్ద తెర ఫోన్లతోపాటు కొన్నేళ్ళకి మా వీధిలోకీ వచ్చింది. ఏ కంపెనీ అయినా ఒకటే, గుమ్మం నంబర్లు అక్కరలేదు, చుక్కలు లెక్కపెట్టక్కరలేదు. నిలువెత్తు బొమ్మ, బూట్లతో సహా పోతుంది. బొమ్మేమిటి, మనిషే కదులుతూ మాట్లాడుతుంది. పొద్దున్నే నిద్రలేచేసరికి శుభోదయమంటూ పూలబొమ్మలు ఇరవై వచ్చి పడతాయి. ఎవరు పంపారో, ఎందుకు పంపారో చూసే ఓపిక ఎవరికీ లేదు. నేను ఈ సౌకర్యానికి విరోధిని కాను. ఆ పూలబొమ్మలకి మటుకు విరోధినే.

అవ్వ ఆ నోకియా ఫోనుతో ఇంకా రెండేళ్ళు బొమ్మలు పంపింది, నెలకొకటి చొప్పున. ప్రతిసారీ నేనే తీసేవాణ్ణి. మొదటిసారి తీసినంత తొందరగా మళ్ళీ ఎప్పుడూ తియ్యనివ్వలేదు. పిల్లని వెలుతురులోకి లాక్కొచ్చి, గడ్డం పైకెత్తి చూసి, చెవుల వెనకా, మోచేతుల కిందా తడిమి, మోకాళ్ళు బొమ్మలో పడవని తెలిసినా గౌను ఎత్తి అవీ చూసి, ఆమైన పక్కకి జరిగి, "ఇంక తియ్యి సారూ" అనేది.