కొత్త మానిటర్, వంగపండు రంగు చీర

కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసి పెట్టగానే అంతా ధగధగే. షోరూంలో పక్కదానికంటే మెరవాలి కదా, చాలావాటికి వెలుగు పెంచి, తెలుపులో కాస్త నీలం ఎక్కించి పంపిస్తారు. సినిమాలు చూసుకునేవాళ్లకు దాంతో ఇబ్బందేమీ లేదు. తంటా అంతా పెళ్లి ఆల్బమ్ డిజైనర్లకే. తెరమీద వంగపండు రంగులో నిగనిగలాడిన పట్టుచీర ప్రింటులో మరో రంగుకు తిరుగుతుంది. పెళ్లికూతురి అమ్మ ఊరుకుంటుందా?

హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం ప్రకారం తెలుపు దాదాపు 6500 కెల్విన్ దగ్గర, గామా (నడిమి ఛాయలు ఎంత వెలగాలో చెప్పే లెక్క) సుమారు 2.2 దగ్గర ఉండాలి. ప్రింటు పనికైతే వెలుగును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల దాకా దించుకుంటారు. ఇదంతా కంటితో తేల్చే పని కాదు. కన్ను ఏ తెలుపుకైనా కాసేపట్లో అలవాటు పడిపోతుంది, దాన్ని నమ్మలేం. అందుకే కలరీమీటర్. మౌస్ అంతుండే ఆ పరికరాన్ని తెరకు ఆనించి వేలాడదీస్తే, సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగూ చూపిస్తుంది, అది కొలుస్తుంది. లెక్కంతా ఐసీసీ ప్రొఫైల్ అనే చిన్న ఫైల్లోకి చేరుతుంది. అంతకుముందు తెరను అరగంట వెలగనివ్వాలి, నైట్ లైట్ ఆపేయాలి (మరిచిపోయేది ఇదే).

అయిపోయాక తెర కాస్త పసుపుగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. డబ్బులిచ్చి పాడుచేసుకున్నామా అని గుబులు. రెండ్రోజులు ఓపిక పడితే పాత సెట్టింగే నీలంగా తోస్తుంది.

ప్రింటులో రంగు ఎలా వస్తుందో తెరమీదే చూసుకోవాలంటే, ప్రింటింగ్ ల్యాబ్ నుంచి వాళ్ల కాగితం ప్రొఫైల్ కూడా అడిగి తెచ్చుకోవాలి. తెర వయసుతో పాటు రంగులూ జరుగుతాయి కనుక, నెలకో రెండు నెలలకో ఈ తతంగం మళ్లీ చేయాల్సిందే.